ఆరిందా?

మామగారి మూతి పోయింది.

మూతి, దాని మీద మీసం, గడ్డం, ఎడమ బుగ్గలో సగం. కోడలి చేతిలో తడిగుడ్డ ఉంది. పొద్దున తెల్లగా ఉన్న ఆ గుడ్డ ఇప్పుడు ఇటుక రంగుకి తిరిగింది. ఈజిల్ స్టాండు మీద బొమ్మలో నుదురు, కళ్ళు, ముక్కు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ముక్కు కింద అంతా మరకలు.

"అమ్మాయ్, ఆ చిన్న స్పానరు ఎక్కడన్నా..." అంటూ పెరటి వైపు నుంచి వచ్చిన మామగారు గుమ్మంలోనే ఆగిపోయాడు. కుళాయి వాషరు మారుస్తున్న మనిషి, మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి. "నా మూతి ఏదీ?"

"తుడిచాను మామయ్యా."

"తుడిచావా?"

"దుమ్ము పట్టిందనుకున్నాను..."

ఆయన బొమ్మని చూశాడు, కోడల్ని చూశాడు, గోడ గడియారం చూశాడు. పదకొండున్నర. నాలుగింటికి గ్రంథాలయం వాళ్ళ వ్యాను వస్తుంది. డ్రాయింగ్ మాస్టారి దగ్గర నేర్చుకునేవాళ్ళ బొమ్మలన్నీ రేపటినుంచి ఆ గ్రంథాలయం మేడ మీది హాల్లో పెడుతున్నారు. అత్తగారు వేసిన ముప్పై బొమ్మలు చూసి మాస్టారు ఎంచింది ఈ ఒక్కదాన్నే. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మొట్టమొదటిసారి ఆవిడ బొమ్మ ఇల్లు దాటి బయటి గోడ ఎక్కబోతోంది. ఆవిడేమో దీనికి అద్దం కోయించుకు రావడానికి ఫ్రేముల కొట్టుకి వెళ్ళింది.

"తలుపు వెయ్యి," అన్నాడు మామగారు గొంతు తగ్గించి. ఇంట్లో ఉన్నది ఇద్దరే. అయినా కోడలు పరుగున వెళ్ళి తలుపు వేసింది.

తప్పు ఎవరిదని వెతికితే, ఆ ఇంట్లో వాడే ఒక మాటది.

అత్తగారు ఉద్యోగం నుంచి రిటైరై రంగులు పట్టుకున్న కొత్తల్లో మొగుడూ పెళ్ళాలకి ఏదో గొడవ వచ్చింది. ఆవిడ తలుపు వేసుకుని బొమ్మ వేస్తూ కూర్చుంది. పావుగంట ఆగి మామగారు తలుపు సందులోంచి తల పెట్టి, "ఆరిందా?" అన్నాడు. అడిగింది బొమ్మ గురించి కాదు. ఆవిడ పకపకా నవ్వేసింది. ఆక్రిలిక్ రంగు పది నిమిషాల్లో ఆరిపోతుంది, ఆవిడ కోపం కూడా ఇంచుమించు అంతే. అప్పటినుంచి ఆ ఇంట్లో కోపం తగ్గిందా అని ఎవరూ అడగరు. ఆరిందా అనే అడుగుతారు. కాపురానికి వచ్చి ఎనిమిది నెలలే అయిన కోడలు కూడా మొగుణ్ణి అలాగే అడుగుతుంది.

ఈసారి మాత్రం కోపం పది నిమిషాల్లో ఆరలేదు. మామగారు పదకొండు రోజులు కుర్చీలో కదలకుండా కూర్చుని బొమ్మ గీయించుకున్నాడు. పన్నెండో రోజు పొద్దున బొమ్మ ముందు నిలబడి, "ఇంత మీసమా నాకు? పోలీసు వాడిలా ఉన్నాను," అని గొణుక్కుంటూ స్నానాలగదిలోకి వెళ్ళి, నలభై ఏళ్ళ మీసం నున్నగా గీసుకుని బయటికి వచ్చాడు. ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అంత కోపం ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంతలో ఈ పొద్దున. అత్తగారు చెప్పులు వేసుకుంటోంది. కోడలు పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటు. రోజంతా కుర్చీ, దీపం, పళ్ళెం తుడవడమే పని. ఇవాళ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా చెయ్యి ఊరుకోదు. ఇంటి హాల్లో ఉన్న ఆక్రిలిక్ బొమ్మలన్నిటినీ ఆదివారం ఆదివారం తడిగుడ్డతో తుడవడం అత్తగారే నేర్పింది. "ఒకసారి ఆరితే ఇది ప్లాస్టిక్కే, తుడిచి పారెయ్," అనేది. ఇవాళ ఈజిల్ అంచున రంగు పొడి పేరుకుని కనిపించింది. వ్యాను వచ్చేలోగా కాస్త శుభ్రం చేద్దామని కోడలు గదిలోంచే కేక వేసింది.

"ఆరిందా అత్తయ్యా?"

"ఆ, ఎప్పుడో ఆరిపోయింది," అంది అత్తగారు నవ్వుతూ, మీసం సంగతి తలుచుకుని. గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆరింది కోపం. బొమ్మ కాదు. ఆ బొమ్మ పైన ఉన్నది పాస్టెల్. సుద్దముక్కల్లాంటి ఆ రంగు పొడి ఎన్నాళ్ళున్నా ఆరేది కాదు, బొమ్మకి గట్టిగా పట్టేది కాదు. పైన మందు చిమ్మితే రంగులు నల్లబడతాయని, అద్దం వేస్తే చాలని మాస్టారు చెప్పాడు. ఆ అద్దం కోసమే ఆవిడ వెళ్ళింది.

కోడలు మొగుడికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"అమ్మకి చెప్పకు," అన్నాడతను.

"బొమ్మలో మూతి లేదండీ. చెప్పకపోతే తెలీదా?"

"నేను వచ్చేదాకా చెప్పకు."

"మీరొచ్చేది ఆరింటికి!"

మామగారు ఫోన్ లాక్కుని, "నువ్వు నీ పని చూసుకోరా," అని పెట్టేశాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "భయపడకు. నేను తుమ్మానని చెప్తాను. ఈ బొమ్మ ముందు నిలబడి తుమ్మొద్దని మీ అత్తయ్య నాకు వెయ్యిసార్లు చెప్పింది."

"తుమ్మితే ఇంత పోతుందా మామయ్యా?"

"నా తుమ్ము నువ్వు వినలేదు."

ఆ పరిస్థితిలోనూ కోడలికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆయన తడి చెయ్యి పంచెకి తుడుచుకుని ఆమె తల మీద చెయ్యి వేశాడు. ముప్పై నాలుగేళ్ళు నీటి సరఫరా ఆఫీసులో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసిన మనిషి. ఒక్క అంకె తప్పు రాయలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అలాంటివాడు కోడలి కోసం అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డాడు. చెప్పలేడని ఇద్దరికీ తెలుసు.

"నువ్వు తెలిసి చేశావా? దానికే కదా సాయం చేద్దామనుకున్నావు," అన్నాడు. "ఒకటి రెండు గీతలు నేనే దిద్దనా?"

పెట్టెలోంచి గోధుమరంగు ముక్క తీశాడు. కోడలు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

అప్పుడే ఆమె ఆ మరకల్లోకి మొదటిసారి సరిగ్గా చూసింది. మామగారి మూతి పోయిన చోట ఖాళీగా లేదు. అక్కడ ఇంకో మూతి ఉంది. ఎప్పుడో ఆక్రిలిక్‌తో వేసింది, తడిగుడ్డకి చెక్కు చెదరలేదు. సన్నటి పెదవులు, కొంచెం తెరుచుకుని ఉన్నాయి. లోపల పై వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంది.

మనుషుల్ని పళ్ళతో గుర్తుపట్టే ఉద్యోగం ఆమెది. ఆ పన్ను తనకి తెలుసు. అచ్చం తన మొగుడి పన్ను. కానీ ఆ పెదవులు ఆడమనిషివి.

మామగారి జేబులో కళ్ళజోడు లేదు. ఆయనకి మరకలే కనిపిస్తున్నాయి. ఆమె నోరు విప్పబోయేంతలో గేటు చప్పుడైంది.

అత్తగారు అద్దాన్ని పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది. "చూశారా, అంచులు కూడా అరగదీసి ఇచ్చాడు. బొమ్మకీ అద్దానికీ మధ్య సందు ఉండాలని నేను చెప్పకముందే..." అంటూ గదిలో అడుగు పెట్టింది.

కోడలు గుడ్డని వెనక్కి దాచుకుంది.

ఆవిడ ముందు అద్దాన్ని మంచం మీద పెట్టింది. దుప్పటి సర్దింది. చెప్పులు విప్పడం మర్చిపోయి వచ్చినట్టుంది, వెళ్ళి విప్పి వచ్చింది. అప్పుడు ఈజిల్ ముందు నిలబడింది.

"నేను తుమ్మాను," అన్నాడు మామగారు.

"తడిగుడ్డతో తుమ్మారా?"

కోడలు ఏడుస్తూ మొత్తం చెప్పింది. ఆరిందా అని అడగడం, ఆరింది అనడం, తుడవడం. వింటూ వింటూ ఆవిడ కుర్చీలో కూలబడింది.

"నువ్వడిగింది బొమ్మ గురించా!" అంది. "నేను ఈయనగారి మీసం గురించి అనుకున్నాను."

"నాదే తప్పు అత్తయ్యా."

"ఆ మాట కనిపెట్టింది ఈయన. తిడితే ఆయన్ని తిట్టాలి." ఆవిడ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "పదకొండు రోజులమ్మా."

ఆవిడ తిట్టి ఉంటే కోడలికి కొంచెం తేలిగ్గా ఉండేది. ఆవిడ చెయ్యి చాచి బొమ్మలో మిగిలిన బుగ్గని వేలి కొసతో ముట్టుకుంది. వేలికి రంగు అంటింది.

"నేను బస్టాండులో ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టాను," అంది, ఎవరితోనో అన్నట్టు. "కౌంటరు కన్నంలోంచి మొహాలే కనిపించేవి. ఒంటి మీద ఏముందో, చేతిలో ఏముందో తెలీదు. గడ్డం నుంచి నుదుటి దాకా. ఒక్కో మొహం రెండు క్షణాలు. ఇంకొంచెంసేపు ఉంటే బాగుండు అనిపించేది. రంగులు పట్టాక ఆ మొహాలు ఉండిపోవడం మొదలుపెట్టాయి."

"తెలుసు," అన్నాడు మామగారు.

"మీకేం తెలుసు? ఆక్రిలిక్ నాకు ధైర్యం నేర్పింది. తప్పు చేస్తే పది నిమిషాలాగి దాని మీద ఇంకో తప్పు చెయ్యొచ్చు. కానీ కుంచెకి పిడి ఉంటుంది. మనిషికీ నాకూ మధ్య జానెడు కర్ర. పాస్టెల్‌కి అదేం లేదు. బుగ్గ గీస్తే బుగ్గ నిమిరినట్టే. పెళ్ళయిన నలభై ఏళ్ళలో మిమ్మల్ని ఇంతసేపు నిమరనిచ్చారా ఎప్పుడన్నా?"

మామగారు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "కోడలి ముందు ఏం మాటలవి!"

"తుడిచింది అదే కదా. దానికీ తెలియాలి ఏం తుడిచిందో."

కోడలు చేతిలోని గుడ్డ వైపు చూసుకుంది.

"సరేలే," అన్నాడాయన గొంతు సవరించుకుని. "నాలుగు గంటల టైముంది. మళ్ళీ కూర్చుంటాను. గీసెయ్."

"మీసం ఏదీ?"

"గుర్తు పెట్టుకుని గీయలేవా?"

"మీకెప్పుడు బుద్ధొస్తుంది! రెండు రోజులు ఆగలేకపోయారు. అది చూసేదాకా అయినా ఉంచుకోలేకపోయారు..."

ఆవిడ చటుక్కున ఆగిపోయింది.

"ఏది చూసేదాకా?" అన్నాడాయన.

"జనం. జనం చూసేదాకా."

ఆయన నమ్మినట్టు లేదు. పక్కగదిలోకి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో లెక్క చూసుకోవాలన్నట్టు బొమ్మ మీదికి వంగాడు. మీటరు చదివేటప్పుడు వంగినట్టే వంగాడు.

అలాగే ఉండిపోయాడు.

"ఈ పన్ను..." అన్నాడు.

"ఊఁ," అంది ఆవిడ.

"ఇది నా మొహం కిందికి ఎప్పుడొచ్చింది?"

"మీ మొహమే దాని మీదికి వచ్చింది. అది అక్కడ మూడేళ్ళ నుంచీ ఉంది."

కోడలికి అప్పుడు అర్థమైంది. మొగుడికి అక్క ఒకావిడ ఉందని పెళ్ళికి ముందే చెప్పారు. అంతే చెప్పారు. ఆ ఇంట్లో ఎక్కడా ఆమె ఫొటో లేదు, ఆమె ఊసు లేదు. మొగుణ్ణి ఒకసారి అడిగితే, "నాన్న ఉన్నప్పుడు ఎత్తకు," అన్నాడు. తనకి వదిన వరస అయ్యే మనిషిని, తను ఇవాళ తన చేత్తోనే ఒక తడిగుడ్డతో బయటికి తీసింది.

ఆమెని ఇంట్లో పిట్ట అనేవాళ్ళు. ఆరేళ్ళ కిందట మామగారు కాళ్ళావేళ్ళా పడి తన ఆఫీసులోనే ఆమెకి ఉద్యోగం వేయించాడు. మూడో రోజు ఆమె ఆ ఉద్యోగం వదిలేసి, నిచ్చెనలెక్కి పెద్ద పెద్ద గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళతో వెళ్తానంది. "ఈ గుమ్మం దిగితే మళ్ళీ ఎక్కకు," అన్నాడాయన. సాయంత్రానికి తిరిగొస్తుందనే అనుకున్నాడు. ఆమె తండ్రి మాటని అక్షరాలా తీసుకుంది. ఆ పిల్ల వదిలేసి పోయిన సగం సగం ట్యూబులతోనే, రిటైరయ్యాక, తల్లి మొదటి బొమ్మ వేసింది.

"బీరువా వెనక పెట్టేదాన్ని, గోడ వైపు తిప్పి," అంది అత్తగారు. "మీరు కూర్చుంటానన్న రోజు కొత్త బోర్డే తీశాను. పెన్సిల్ అడ్డం పెట్టి మీ గడ్డం కొలత తీశాను. తెలిసిన కొలతే. నుదురు తీశాను. అదీ తెలిసిందే. ఇంక కొత్త బోర్డు ఎందుకని దాన్నే తెచ్చాను. పైన రంగులేని గరుకు పూత ఒకటి వేసి, పాస్టెల్ మొదలుపెట్టాను. మీ ఇద్దరికీ మీసం ఒక్కటే తేడా."

"నాకు చెప్పలేదు."

"చెప్తే కూర్చునేవారా?"

ఆయన చేతిలో గోధుమరంగు ముక్క ఇంకా ఉంది. దాన్ని పెట్టెలో దాని గడిలోనే పెట్టాడు.

"ఇందాక ఏది చూసేదాకా అన్నావు?"

అత్తగారు కోడలి వైపు చూసింది, అద్దం వైపు చూసింది. ఇంక దాచి లాభం లేదనుకుందో ఏమో.

"మీరు నడకకి వెళ్ళినప్పుడు ఫోన్ చేస్తుంది. నాన్న బొమ్మ గ్రంథాలయం హాల్లో పెడుతున్నానే అన్నాను. 'మొదటి రోజే వచ్చి చూస్తానమ్మా. ఆ హాలు గుమ్మం నాన్నది కాదు కదా' అంది." ఆవిడ వేలికంటిన రంగు చీరకి తుడుచుకుంది. "ఆరేళ్ళయింది మీ మొహం చూసి. బొమ్మలోనూ, ఎదురుగానూ మీసంతో ఉన్న నాన్ననే అది చూడాలనుకున్నాను. నాకు ప్రదర్శనా వద్దు, మాస్టారి మెప్పూ వద్దు. దాని కోసం గీశాను దీన్ని."

కోడలు నిలబడ్డచోటే ముడుచుకుపోయింది. తను తుడిచిందేమిటో ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

మామగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. బొమ్మలో తన కళ్ళు, తన నుదురు. కింద కూతురి పెదవులు, ఏదో అనబోయి ఆగినట్టు.

"అమ్మాయ్," అన్నాడు.

"ఏంటి మామయ్యా?"

"మిగతాది కూడా తుడువమ్మా."

కోడలు కదల్లేదు. అత్తగారు లేచి నిలబడింది.

"ఆ కళ్ళకి నాకు నాలుగు రోజులు పట్టింది," అంది. "ఒక్క కన్ను మూడుసార్లు చెరిపి గీశాను. మీకు తెలుసు, మీరే కూర్చున్నారు."

"తెలుసు."

"అది వచ్చేది మిమ్మల్ని చూడ్డానికి. తుడిచేస్తే అక్కడ దాని మొహం దానికే కనిపిస్తుంది. దానికి ఇంట్లో అద్దం లేకా?"

"నా మొహంలో ఏముందే చూడ్డానికి?" అన్నాడాయన. ఎప్పుడూ అనే మాటే. కానీ ఈసారి గొంతు వేరుగా ఉంది. "వాళ్ళమ్మ తనని మర్చిపోలేదని అది చూడనీ. ఇంట్లో గోడకి తిప్పి పెట్టింది చాలు."

"మాస్టారు ఏమంటారు?"

"రెండూ నువ్వు గీసినవే కదా."

ఆవిడ ఆయన్ని చాలాసేపు చూసింది. పదకొండు రోజులు కుర్చీలో కూర్చోబెట్టి చూసినదానికంటే ఎక్కువగా చూసింది. కోడలి చేతిలోని మురికి గుడ్డ తీసి పక్కన పడేసింది. లోపలికి వెళ్ళి కొత్త గుడ్డ తడిపి, గట్టిగా పిండి తెచ్చి, ఆయన చేతిలో పెట్టింది.

"కోడలికెందుకు ఆ పాపం? మీ మొహం మీరే తుడుచుకోండి."

ఆయన ముందు నుదురు తుడిచాడు. మెల్లిగా, పైనుంచి కిందికి. ముడతలు పోయి నున్నటి నుదురు బయటపడింది. జుట్టు దగ్గర పాపిట కనిపించింది. తర్వాత ముక్కు. ఆవిడ పక్కనే నిలబడి, గుడ్డ మడత మార్చుకోమని చెప్తోంది. "రుద్దకండి. అద్దండి. అలా." ఆయన అద్దాడు.

ఎడమ కన్ను పోయింది. దాని కింద ఇంకో కన్ను తెరుచుకుంది. ఎక్కడో ఎత్తున ఉన్నదాన్ని చూస్తున్న కన్ను.

కుడి కన్ను దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. అదొక్కటే మిగిలింది ఆయనది. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. ఆపడానికో, సాయానికో కోడలికి తెలియలేదు.

"రేపు అది ఎన్నింటికి వస్తానంది?" అని అడిగాడు మామగారు.